అంకె లేని పావలా

దానమ్మ ఆ పని తెలిసి చేసిందా, తెలియక చేసిందా అన్న సందేహం నన్ను తొమ్మిదేళ్లు వదలలేదు. ప్రార్థనకు మోకరించినప్పుడు కూడా ఒక్కోసారి అదే అడ్డం వచ్చేది. తెలిసి చేసి ఉంటే నేను అన్న మాటలో తప్పు లేదు. తెలియక చేసి ఉంటే నా తప్పు చాలా పెద్దది. ఏది నిజమో అడగాలంటే ఆమె ఎదుట నిలబడాలి. అందుకు నాకు ధైర్యం చాలలేదు. దేవుణ్ణి అడిగేవాణ్ణి. ఆయన ఏం చెప్పలేదు. ఆమెనే అడగమని ఆయన ఉద్దేశమేమో, నాకు అప్పట్లో తోచలేదు.

నేను నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య తిరిగే బస్సులో కండక్టరును. చదివింది ఏడో తరగతి. పొద్దున ఆరు నుంచి చిల్లరతోనే పని కాబట్టి బిళ్లను చూడకుండా వేళ్లతో తడిమి, ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని చెప్పేవాణ్ణి. అందుకే ఆళ్లగడ్డలో మా క్రైస్తవ సంఘపు పెద్దలు గుడి కానుకల లెక్క నాకు అప్పగించారు. జకరయ్య చేతిలో చెల్లని బిళ్ల నిలవదు అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల పొంగిపోయేవాణ్ణి.

డెబ్బై అయిదులో కోత పండుగ నాడు జరిగింది ఇది. ఆ పండుగకు మా వాళ్లు కొత్త పంటలో మొదటిది గుడికి తెస్తారు. జొన్న కంకులు, వేరుశనక్కాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని గుడి ముందు వేలం వేస్తారు. అంతకు ముందు కృతజ్ఞత కానుకలు చదవడం ఉంటుంది. ఎవరికి ఏ మేలు జరిగిందో ఒక చీటీ మీద రాయించి, దాంతో పాటు డబ్బు గుడ్డలోనో కాగితంలోనో ముడి వేసి ఇస్తారు. లెక్క చూసేవాడు అందరి ముందు నిలబడి ముడి విప్పాలి, చీటీ చదవాలి, ఎంత వచ్చిందో చెప్పాలి. సంఘమంతా స్తోత్రం అంటుంది.

ఆ రోజు పదో పన్నెండో చదివాక దానమ్మ ముడి చేతికి వచ్చింది. దానమ్మ వేరుశనగ కోతలకూ, మిరప చేలకూ పోయే కూలి మనిషి. మొగుడు లేడు. తొమ్మిదేళ్ల కూతురు లూదియా ఒక్కతే. ఆ పిల్లకు అంతకు ముందే టైఫాయిడ్ వచ్చి, నంద్యాల ఆసుపత్రిలో ఇరవై రోజులు పడి ఉండి బతికింది. ఆ ఇరవై రోజులూ దానమ్మ నా బస్సులోనే తిరిగింది.

చీటీ చదివాను. "నా బిడ్డ లూదియా బతికినందుకు. రూపాయి పావలా."

రూపాయి మంచిదే. పావలా వేళ్లకు తేడాగా తగిలింది. వెలుతురుకు పెట్టి చూశాను. ఒక పక్క సింహాల బొమ్మ మామూలుగా ఉంది. రెండో పక్క ఇరవై అయిదు అంకె ఉండాల్సిన చోట మళ్లీ సింహాలే, అవి కూడా లోపలికి గుంటపడి, తిరగబడి ఉన్నాయి. అంకె లేదు. సంవత్సరం లేదు. కానీ బిళ్ల మాత్రం తళతళా మెరుస్తోంది.

"ఇదేందీ దానమ్మా? ఇది చెల్లదు" అన్నాను. బస్సులో అన్నట్టే అన్నాను, అంతే గట్టిగా.

"ఏందప్పా అది?" అన్నాడు ముందు వరసలో ఉన్న సంఘపెద్ద ఓబయ్యన్న.

"అంకె లేని పావలా అన్నా. రెండు పక్కలా బొమ్మే."

"అంగట్లో తీసుకోకుంటే ఈడికి తెచ్చినట్టుండాది" అన్నాడు ఆయన. "దేవుడు గుడ్డోడనుకుందేమో."

మగవాళ్ల వైపు నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను. ఆ సంగతి దాచడం లేదు.

దానమ్మ ఆడవాళ్ల మధ్య లేచి నిలబడింది. కూతురి చెయ్యి పట్టుకుని ఉంది. ఏదో చెప్పబోయింది. నేను ఆగలేదు. "సరేలే, ఆ పావలా నేనేస్తా కూచో" అని నా జేబులోంచి ఒక పావలా తీసి పళ్లెంలో వేశాను. సంఘమంతా స్తోత్రం అంది. ఆ స్తోత్రం నాకే చెప్పినట్టు అనిపించింది. దానమ్మ కూర్చుంది.

మరుసటి ఆదివారం పాస్టరుగారు మంచివి దాచుకుని దేవుడికి కుంటి గొర్రెను బలికి తెచ్చినవాళ్ల గురించి ప్రసంగించారు. ఎవరి పేరూ చెప్పలేదు. అయినా తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

ఆ తర్వాత దానమ్మ గుడికి రావడం మానలేదు. మానేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. వచ్చి తలుపు దగ్గర కూర్చునేది. కానుక సంచి వస్తే తల వంచుకుని పక్కామెకు అందించేది, చెయ్యి మాత్రం లోపల పెట్టేది కాదు. కోపంతో అలా చేస్తోందా, సిగ్గుతో చేస్తోందా నాకు తెలియలేదు. ఆ పావలాను చెల్లని బిళ్లలు వేసే హార్లిక్స్ డబ్బాలో వేసి గుడి బీరువాలో పెట్టాను. ఎనభై రెండులో లూదియాకు చాగలమర్రిలో పెళ్లయింది. దానమ్మ కూడా కూతురి వెంటే పోయింది.

ఎనభై నాలుగు జూన్‌లో నా గడియారం ఆగిపోతే నంద్యాల బస్టాండు దగ్గర శేషయ్య అంగడికి తీసుకుపోయాను. శేషయ్య చెయ్యి నిదానమే కానీ నమ్మకమైన మనిషి. నేను పోయేసరికి కంటికి అద్దం బిగించుకుని ఒక పది పైసల బిళ్లను తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఏమప్పా, గడియారాలు మానేసి బిళ్లలు బాగు చేస్తాండావా?" అన్నాను.

"బిళ్లలు బాగయితే నా బతుకూ బాగయ్యేది. ఇట్లా రా, చూడు."

అచ్చు ఒక పక్కకు జరిగిపోయి, ఆ పది పైసల బిళ్ల మీద నెలవంకలాగా కొంత ఖాళీ మిగిలింది. దాన్ని అయిదు రూపాయలు పెట్టి కొన్నానన్నాడు.

"చెల్లని దానికి అయిదు రూపాయలా? నీకేమన్నా పిచ్చా?"

"చెల్లేదానికి పది పైసలే గదప్పా" అన్నాడు తాపీగా.

టంకశాలలో కోట్ల బిళ్లలు అచ్చవుతాయనీ, అందులో ఎక్కడో ఒకటి తప్పుతుందనీ, అవి బయటపడకుండా ఏరేస్తారనీ, ఏరినా కళ్లు దాటి వచ్చిన వాటిని దాచుకునేవాళ్లు ఉన్నారనీ చెప్పాడు. వింటుంటే నాకు దానమ్మ పావలా గుర్తొచ్చింది. మరుసటి రోజే హార్లిక్స్ డబ్బా తీసుకుపోయి ఆయన బల్ల మీద కుమ్మరించాను.

ఆయన ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. అరిగి నున్నబడినవి, ఎవరో సుత్తితో కొట్టినవి, మొలతాడుకు కట్టడానికి బెజ్జం వేసినది, సీసంతో చేసిన దొంగ రూపాయి. "ఇవి బయట చెడినవి. టంకశాల దాటినాక తగిలిన దెబ్బకు విలువ లేదు. అచ్చులో వచ్చిన తప్పుకే విలువ" అన్నాడు. నేను అది విని ఊరుకోలేకపోయాను.

"దెబ్బ తిన్నదానికి విలువ లేకపోవడం ఏం న్యాయమప్పా?"

"న్యాయం నాకేం తెలుసు. అమ్మేవాళ్ల మాట చెప్తాండా."

దానమ్మ పావలా చేతికి రాగానే ఆయన అద్దం తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. రెండు బిళ్లల్ని సగం సగం అరగదీసి అతికించే మోసగాళ్లు ఉంటారట. అలా అయితే అంచు లోపల సన్నటి గీత కనిపిస్తుందట. గీత లేదు. గాజు పలక మీద జారవిడిచి మోత విన్నాడు. అతుకు ఉంటే మొద్దుగా పలుకుతుందట. ఇది ఖంగుమంది. కొందరు ఒక బిళ్ల మీద ఇంకో బిళ్ల పెట్టి మరలో బిగించి నొక్కుతారట. అప్పుడు అవతలి పక్క బొమ్మ చదునవుతుందట, అంచు పక్కకు పొంగుతుందట. అదీ లేదు. చివరకు చిన్న తక్కెడలో ఒక పక్క ఇది, ఇంకో పక్క మామూలు పావలా వేశాడు. ముల్లు నడుమనే నిలిచింది.

"ఎవరిదప్పా ఇది?" అన్నాడు.

"ఒకామెది. ముందు అదేందో చెప్పు."

"అచ్చులు రెండుంటాయి. ఒకదాంట్లో సింహాలు, ఒకదాంట్లో అంకె. నడమ రేకుబిళ్ల పెట్టి దెబ్బేస్తారు. ఎప్పుడో ఒకసారి అచ్చయిన బిళ్ల కింద పడకుండా అంకె అచ్చుకే కరుచుకుంటాది. దాని సింహాల మొగం బయటికి ఉంటాది. అంతలోనే ఇంకో రేకు వచ్చి పడతాది. దానికి ఒక పక్క అచ్చులోని సింహాలు పడతాయి, ఇంకో పక్క ముందు బిళ్ల మీది సింహాలు గుంటగా, తిరగబడి పడతాయి. ఇది ఎవరూ చేసింది కాదు. సర్కారు కొట్టిందే."

"అంటే దొంగ బిళ్ల కాదు."

"దొంగదా! ఈ డబ్బాలో దీనంత నిఖార్సయింది లేదు. నేనే నూట యాభై ఇస్తా. మద్రాసులో ఒకాయన ఉన్నాడు, ఆయన ఇంకా ఎక్కువిస్తాడు. కార్డు రాస్తానుండు."

ఆ సాయంత్రం బస్సులో ఎవరికి ఎంత చిల్లర ఇచ్చానో నాకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి నా భార్య దెబోరాకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"రేపే చాగలమర్రికి పో. ఆమెకు చెప్పు."

"ఒట్టి చేతుల్తో యాడ పోయేది? మద్రాసు నుంచి కార్డు రానీ, దుడ్లు తీసుకునే పోతా."

"ఆమెకు కావాల్సింది దుడ్లా? నువ్వన్న మాట నువ్వు వెనక్కి తీసుకో, చాలు."

దెబోరా చెప్పింది సరైనదే. కానీ చేతిలో ఏదైనా ఉంటే ఆమె ముందు నిలబడటం సులువనుకున్నాను. మద్రాసాయన ముందు బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది పంపమన్నాడు. పంపాం. తూకం రాయమన్నాడు. రాశాం. సెప్టెంబరులో రెండు వందల యాభై ఇస్తానని కార్డు వచ్చింది. శేషయ్య, "దీపావళికి ఆయనే ఇటు వస్తాడంట. బిళ్లను కండ్లారా చూస్తే ఇంకో వంద పెంచుతాడు. ఆగు" అన్నాడు. ఆగాను. ఆమె కోసమే ఆగుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మా ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రికి గంట ప్రయాణం కూడా కాదు.

ఈలోగా సంగతి సంఘపెద్దలకు చెప్పాల్సి వచ్చింది. ఓబయ్యన్న విని, "కానుకకు వచ్చింది గుడిది. ఆ దుడ్లతో గుడికి సున్నమేయిద్దాం" అన్నాడు.

"కానుకకు పడలేదు గదన్నా. మనమే పడనీలేదు" అన్నాను.

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. దేవుడు గుడ్డోడనుకుందేమో అన్న మాట తానే అన్నట్టు ఆయనకూ గుర్తుందనుకుంటాను. "సరే, ఇచ్చేయ్" అని లేచిపోయాడు.

దీపావళి దాటాక మద్రాసాయన వచ్చాడు. మూడు వందల యాభై లెక్కపెట్టి ఇచ్చాడు. నవంబరు ఆఖరి వారంలో సెలవు పెట్టుకుని చాగలమర్రికి పోయాను.

లూదియా ఇల్లు రోడ్డు దాటి లోపలికి ఉంది. ఆ పిల్ల బిడ్డను చంకనేసుకుని జొన్నలు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టి లేచింది.

"రా మామా. ఈడికెట్ల దోవ దొరికింది నీకు?"

"అమ్మ యాడమ్మా?"

చేట కింద పెట్టింది. "అమ్మ పోయి నలభై దినాలయింది మామా. ఊపిరాడని జబ్బు. నీకు ఎవరూ చెప్పలేదా?"

నేను నులకమంచం మీద కూర్చున్నాను. మనసులో లెక్క వేసుకున్నాను. అక్టోబరు నడుమ పోయింది. సెప్టెంబరులో మొదటి ధర వచ్చిన రోజున బస్సెక్కి ఉంటే ఆమె ఉండేది. ఇంకో వంద రూపాయల కోసం ఆగాను.

అయినా చెప్పాల్సింది చెప్పాను. అచ్చు ఎలా తప్పుతుందో, శేషయ్య గీత కోసం ఎలా వెతికాడో, తక్కెడ ముల్లు ఎలా నిలిచిందో అంతా చెప్పాను. ఆ పిల్ల బిడ్డకు పాలిస్తూ ఊకొడుతూ విన్నది. చివరకు తొమ్మిదేళ్లుగా మోస్తున్నది అడిగాను.

"అమ్మకు అది చెల్లదని తెలుసా లూదియా?"

ఆ పిల్ల బిడ్డను భుజాన వేసుకుంది. "నాకు తెల్దు మామా. అంగడికి తీసుకపోయిందో లేదో నేను చూడలేదు, జొరంతో లేచినదాన్ని. ఒకటి మాత్రం చూసినా. ఆ పొద్దు ఆమె కొంగులో ఇంకా మూడు పావలాలు ఉండాయి, మంచివే. వాటిని కాదని ఇది ఏరింది. చింతపండేసి తోమింది. 'చూడే, రెండు పక్కలా సింహాలే, బలే ఉండాది' అని నాకు చూపించింది. ఎందుకేరిందో నేనడగలేదు."

"తర్వాత ఏమన్నా అనిందా?"

"ఒక్కమాటా అనలేదు. నాయన పోయినప్పుడు కూడా అంతే ఆమె."

చెల్లనిది కాబట్టి వదిలించుకుందామని ఏరిందా? బాగుంది కాబట్టి ఏరిందా? తొమ్మిదేళ్లు మోసి తెచ్చిన సందేహం అలాగే ఉంది. అయితే వదిలించుకునే బిళ్లను చింతపండుతో ఎవరు తోముతారు? నా మనసు ఒక పక్కకు ఒరిగింది. ఒరిగినంత మాత్రాన అదే నిజమని ఎలా అనను? పోయిన మనిషిని మంచిదనుకోవడం బతికున్నవాడికి సులువే.

డబ్బు తీసి మంచం మీద పెట్టాను. ఆ పిల్ల వద్దంటుందేమో అనుకున్నాను. అనలేదు. లెక్కపెట్టింది.

"అమ్మను పూడ్చేదానికి పెట్టె చేసిన వడ్రంగికి నూట ఇరవై ఇయ్యాల. డాక్టరుకు కొంత బాకీ నిలబడింది. అయిపోతాయి" అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "మామా, నువ్వు పండుగనాడు గుడిలో చదువు. ఆ పావలా చెల్లిందని చదువు. ఆ పొద్దు ఎంత గట్టిగా అన్నెవో అంత గట్టిగా."

"చదువుతా."

"ఓబయ్యతాత వినేటట్టు."

"వినేటట్టే చదువుతా."

తర్వాత వచ్చిన పండుగకు ఆ మాట నిలబెట్టుకున్నాను. కానీ చదివినప్పుడు తలుపు దగ్గర ఆమె కూర్చునే చోట ఎవరూ లేరు. స్తోత్రం అన్నారు. అది ఆమెదాకా చేరిందా అని దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతుంటాను.

చాగలమర్రిలో ఆ రోజు నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే లూదియా, "నిలు మామా" అని లోపలికి పోయింది. రేకుపెట్టె తెరిచిన చప్పుడయింది. చిన్న గుడ్డముడితో వచ్చి, విప్పి, ఒక పావలా నా ముందుకు చాపింది. అందరి చేతుల్లో తిరిగే మామూలు పావలా.

"ఏందమ్మా ఇది?"

"అమ్మది. ఆమె బదులు పండుగనాడు నువ్వేసినావే, ఆ పావలా. పోయే ముందు కూడా చెప్పింది, జకరయ్యకు ఇయ్యాల, మర్చిపోవద్దని."

"అది అప్పు కాదు తల్లీ! నేను అప్పుగా వేసింది కాదు."

"నువ్వట్లనుకున్నెవు. ఆమె అప్పనుకునింది. ఒకతూరి బస్సులో ఇయ్యబోతే, 'ఇదన్నా చెల్తాదా దానమ్మా' అని నవ్వినావంట. బస్సులో అందరూ నవ్వినారంట. మళ్లీ తెచ్చి పెట్టెలో పెట్టుకునింది."

ఎంత వెతికినా అది నాకు గుర్తు రాలేదు. అలాగని అనలేదనీ చెప్పలేను. రోజుకు పదిమందితో అలాంటి మాటలు అనేవాణ్ణి. అందులో ఒకటి ఆమెకు తగిలింది. నాకు గుర్తయినా లేదు.

"నువ్వే ఉంచుకో అమ్మా. బిడ్డకు ఏదన్నా కొనిపెట్టు."

"తీసుకో మామా." ఆ పిల్ల గొంతు పెంచలేదు. "నువ్వు తీసుకోకుంటే అది మాయమ్మ మీదనే పడుంటాది. పోయినామె మీద బాకీ ఎందుకు?"

అప్పుడు చెయ్యి చాపాను. పావలా నా అరచేతిలో పెట్టింది. ఆమె తల్లి తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట కోసం ఆ పిల్ల కూడా ఎదురుచూస్తూ నిలబడింది. నేను పిడికిలి మూశాను.

"ముట్టిందమ్మా" అన్నాను.